మన లోపం మనకు చెప్పే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక చదువు పేజీలో వచ్చే వ్యక్తిత్వ వికాసం శీర్షికను నేను వదలకుండా చదువుతాను. ఇంటర్వ్యూకి ఎలా వెళ్ళాలి, నలుగురిలో బెరుకు లేకుండా ఎలా మాట్లాడాలి, పరీక్షల టెన్షన్ ఎలా తగ్గించుకోవాలి, టైమ్ ఎలా సర్దుకోవాలి, ఇవన్నీ పిల్లలకు పనికొచ్చే సంగతులే. కానీ అన్నీ మనిషి తనని తాను పదిమందికీ ఎలా చూపించుకోవాలో నేర్పేవే. తనలో ఏం బాగాలేదో ఎలా తెలుసుకోవాలి, తెలిశాక ఏం చెయ్యాలి అన్నది అందులో నాకు కనబడలేదు. మీ ఒక్క పత్రికనే అనడం లేదు. పుస్తకాల షాపుల్లో, యూట్యూబ్‌లో, కాలేజీల్లో పెట్టించే మోటివేషన్ క్లాసుల్లో కూడా ఇదే వరస. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైంది, వీలుంటే కుదించకుండా వేయండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సైన్స్ చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. ఆ తర్వాత తగాదాలను రాజీతో తేల్చే లోక్ అదాలత్ బెంచీలో సభ్యురాలిగా కూర్చునే అవకాశం వచ్చింది. బడిలోనూ అక్కడా చూసినదాన్ని బట్టి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. మనిషి తన లోపాన్ని ఒంటరిగా కూర్చుని కనిపెట్టలేడు, ఎంత చదువుకున్నా సరే. చెప్పేవాళ్ళు ఉండాలి. వాళ్ళు భయపడకుండా చెప్పే వీలు ఉండాలి. ఆ వీలు కల్పించే బాధ్యత వినాల్సినవాళ్ళదే.

లోపం అంటే దొంగతనం, లంచం లాంటివాటి గురించి నేను మాట్లాడడం లేదు. అవి తప్పని చేసేవాడికీ తెలుసు. నేననేది రోజువారీ గుణాల గురించి. ఎదుటివాళ్ళని మాట పూర్తి చెయ్యనివ్వకపోవడం, అయినదానికీ కానిదానికీ చిటపటలాడడం, చేసిన సాయాన్ని ఏళ్ళ తరబడి దెప్పడం, ఎవరు బాగుపడినా ఏదో ఒక వంక పెట్టడం, ఇంట్లో ఎవరినీ అడక్కుండా అన్నీ తామే నిర్ణయించేయడం. ఇలాంటివాటిని సమర్థించుకోవడానికి మన దగ్గర మాటలు సిద్ధంగా ఉంటాయి. నలుగురిలో ఒకరి పరువు తీసేసి "నేను ముక్కుసూటి మనిషిని, మనసులో ఏదీ దాచుకోను" అంటారు. కంచం విసిరికొట్టిన ఇంటాయన తరఫున ఇంటావిడే "ఆయన నోరే అంత, మనసు వెన్న" అని చుట్టాలకు సర్దిచెబుతుంది. అలా సర్దిచెప్పిన ప్రతిసారీ ఆయన మారే రోజు ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. పిల్లలేమో అది మగవాడికి ఉండాల్సిన గుణమే కాబోలనుకుని పెరుగుతారు.

చదువుకున్నవాళ్ళు తమని తాము బాగా ఎరుగుదురని అనుకుంటాం. 2002లో అమెరికాలో ఎమిలీ ప్రోనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దీన్ని పరీక్షించి చూశారు. మనుషుల ఆలోచనలో సహజంగా ఉండే పక్షపాతాలను వివరించి, ఇవి మీలో ఎంత, మిగతావాళ్ళలో ఎంత అని అడిగితే, మా కంటే మిగతావాళ్ళలోనే ఎక్కువ అన్నారు. మనుషులు తమకి తాము ఎక్కువ మార్కులు వేసుకుంటారని విడమరిచి చెప్పాక కూడా చాలామంది తాము వేసుకున్న మార్కులు సరైనవేనన్నారు. అలా జవాబు చెప్పినవాళ్ళలో ఎక్కువమంది యూనివర్సిటీలో చదువుకునే పిల్లలే. ప్రోనిన్ చెప్పే కారణం నాకు నూటికి నూరుపాళ్ళూ నిజమనిపిస్తుంది. మన విషయంలో మన ఉద్దేశం చూసుకుంటాం, ఎదుటివాళ్ళ విషయంలో వాళ్ళు చేసిన పని చూస్తాం. కొడుకుని అందరి ముందూ తిట్టిన తండ్రికి, వాడు బాగుపడాలన్న తన ఆశ మాత్రమే కనబడుతుంది. కొడుక్కి వినబడింది తిట్టే.

లోక్ అదాలత్‌లో చూసిన ఒక సంగతి చెబుతాను. ఎవరివో తెలియకుండా ఆనవాళ్ళు మార్చాను. ఇద్దరు అన్నదమ్ములు. అన్న అరవై దాటినవాడు. తండ్రి పోయాక ఉమ్మడి పెరట్లో ఉన్న బోరు, దాని మోటారు, దాని కరెంటు బిల్లు, ఇదీ తగాదా. డబ్బు లెక్కన చూస్తే కోర్టుకి రావాల్సిన విషయమే కాదు. ఇద్దరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్ల నిండా కాగితాలు. అవతలివాడు ఏ ఏడు ఏం అన్యాయం చేశాడో తారీఖులతో సహా రాసుకొచ్చారు. బెంచీలో ఉన్న రిటైర్డ్ జడ్జిగారు ఆ కవర్లు పక్కన పెట్టించి అన్నగారితో, "మీ తమ్ముడి బాధేమిటో మీ నోటితో చెప్పండి. 'ఔను, నా బాధ అదే' అని అతను అనేదాకా మీ వాదన ఎత్తొద్దు" అన్నారు.

అన్నగారు తేలిగ్గానే మొదలుపెట్టారు. "వాడికి నీళ్ళు కావాలండి, బిల్లు మాత్రం కట్టడు." అది మీ వాదన కదా అన్నారు జడ్జిగారు. "సరే, మోటారు తనది కూడా అంటాడు, అప్పుడు పైసా ఇవ్వలేదు మరి." అదీ మీ వాదనే. ఆయనకి చిరాకొచ్చింది, కాసేపు మాట్లాడలేదు. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. ఆయన మొండికేసి అలా చేయడం లేదు. తమ్ముడివైపు నుంచి ఒక్క వాక్యం చెప్పబోయినా అది దారిలోనే తనవైపు తిరిగిపోతోంది, ఆ సంగతి ఆయనకి తెలియడం లేదు. చివరికి నెమ్మదిగా అన్నారు: "నాన్న పోయిన దగ్గర్నుంచీ నేను వీణ్ణి ఏదీ అడగలేదండి. కార్యం ఖర్చు దగ్గర్నుంచి ఏ మోటారు దించాలన్నదాకా నేనే చేసేసి, అయ్యాక చెప్పాను." అప్పటిదాకా బల్లవంక చూస్తున్న తమ్ముడు తలెత్తి, "అంతేనన్నయ్యా" అన్నాడు.

రాజీ ఆ రోజే కుదిరింది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి ఇస్తారు. 1987 న్యాయ సేవల చట్టంలోనే ఇదంతా ఉంది. తెలియనివాళ్ళ కోసం ఈ ముక్క రాస్తున్నాను. అయితే నేను చెప్పదలచింది సంతకాలయ్యాక జరిగిన సంగతి. అన్నగారు జడ్జిగారితో, "ఇన్నేళ్ళలో ఈ మాట నాతో ఎవరూ అనలేదండి" అన్నారు. వెనకాల నిలబడ్డ ఆయన భార్య, మాకు మాత్రమే వినబడేంత చిన్నగా, "అంటే విన్నారా?" అంది.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఆవిడ అనే ఉంటుంది. ఎప్పుడు? గొడవ మధ్యలో, ఏడుస్తూనో, వంటింట్లోంచి విసురుగానో అని ఉంటుంది. అలాంటప్పుడు చెప్పిన మాట ఎవరి చెవికీ సమాచారంలా వినబడదు, దాడిలా వినబడుతుంది. గొడవ లేనప్పుడేమో, "ఇప్పుడిదంతా ఎందుకు, ప్రశాంతంగా ఉంది కదా" అని ఎవరూ ఎత్తరు. అంటే ఆ మాట వినబడగలిగే సమయం ఆ ఇంట్లో ఏడాదిలో ఒక్కటీ లేదు. చాలా ఇళ్ళల్లో లేదు.

ఇలాంటి సమయాన్ని ఏర్పాటు చేసుకున్నవాళ్ళు ఒకప్పుడు ఉన్నారు. మా భీమిలి రోడ్డులో తొట్లకొండ ఉంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళి ఫొటోలు దిగి వస్తుంటారు. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపి బౌద్ధ విహారాన్ని బయటపెట్టింది. కొండ మీద రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లున్నాయి, పేరు వాటి వల్లే వచ్చింది. భిక్షువులుండే చిన్న చిన్న గదుల పునాదులు వరసగా కనిపిస్తాయి. అలాంటి విహారాల్లో వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఎక్కడికీ కదలకుండా ఒక్కచోటే ఉండాలి. దాన్ని వర్షావాసం అంటారు. ఆ మూడు నెలలూ పూర్తయ్యే పౌర్ణమినాడు ప్రవారణ అనే కార్యక్రమం ఉంటుంది. ముందుగా ఒక పెద్ద భిక్షువు గొంతుకూర్చుని, చేతులు జోడించి సంఘాన్ని అడుగుతాడు: నా విషయంలో మీరు చూసింది గానీ, విన్నది గానీ, అనుమానించింది గానీ ఏదైనా ఉంటే దయతో చెప్పండి, తప్పనిపిస్తే దిద్దుకుంటాను. మూడుసార్లు అడగాలి. తర్వాత చిన్నవాళ్ళు కూడా అలాగే అడుగుతారు.

ఈ నియమం పుట్టిన తీరు నన్ను ఇంకా ఆలోచనలో పడేస్తుంది. కోసల దేశంలో కొందరు భిక్షువులు, కలిసి ఉంటే గొడవలొస్తాయేమోనని, మూడు నెలలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదని ఒప్పందం చేసుకున్నారు. భిక్ష నుంచి ముందొచ్చినవాడు ఆసనాలు వేయడం, నీళ్ళు పెట్టడం, ఆఖరున వచ్చినవాడు అన్నీ సర్ది ఊడవడం, అంతా సైగలతోనే జరిగిపోయింది. తర్వాత బుద్ధుడి దగ్గరికెళ్ళి, సుఖంగా గడిపామని చెప్పారు. ఆయన మెచ్చుకుంటాడనుకుంటాం. ఆయన మందలించాడు. పశువులు కలిసి బతికినట్టు బతికి సుఖంగా ఉన్నామంటున్నారా అని అడిగాడు. వర్షావాసం చివర ఒకరినొకరు ఇలా అడగాలని అప్పుడే నియమం పెట్టాడు.

మన కుటుంబాలు చాలావరకు ఆ కోసల భిక్షువుల పద్ధతిలోనే నడుస్తున్నాయి. టిఫిన్లు టైముకి టేబుల్ మీదకొస్తాయి, ఫీజులు టైముకి కడతారు, పండక్కి బట్టలొస్తాయి. మాటలే ఉండవు. గొడవలు లేవు కాబట్టి బాగున్నామనుకుంటారు. ప్రవారణలో నాకు బాగా నచ్చింది ఎదుటివాడిని ఎత్తిచూపడం కాదు. అడగడం పెద్దవాడితో మొదలవుతుంది. దానికొక రోజు ఉంది, పద్ధతి ఉంది. చెప్పేవాడికి అభయం ఉంది, వినేవాడు తానుగా చేతులు జోడించి అడిగినవాడు. బౌద్ధాన్ని ప్రచారం చేయడానికి ఇది రాయడం లేదు. మన నేల మీద, మన కొండల మీద రెండు వేల ఏళ్ళ కిందట నడిచిన విహారాల పద్ధతి ఇది. కొండ చూడ్డానికొచ్చే పిల్లలకి ఆ సంగతి చెప్పే బోర్డు కూడా అక్కడ ఉంటే బాగుంటుంది.

ప్రభుత్వోద్యోగంలో మేం దీనికి పూర్తిగా తలకిందులు పద్ధతిలో బతికాం. ఏటా మా మీద కాన్ఫిడెన్షియల్ రిపోర్టు వెళ్ళేది. నా లోపాలేమిటో పై అధికారి రాస్తాడు, ఫైలుకి తెలుస్తుంది, నాకు తెలియదు. మరీ చెడ్డగా రాస్తేనే తెలియజేయాలన్నది అప్పటి పద్ధతి. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఆయన సరిహద్దు రోడ్ల సంస్థలో ఇంజనీరు. ఒక ఏడు ఆయనకు 'గుడ్' అని రాశారు. ప్రమోషన్‌కి 'వెరీ గుడ్' కావాలి. చెడ్డ మాట కాదు కాబట్టి ఆయనకు చెప్పలేదు, ప్రమోషన్ రాలేదు. ఏ రిమార్కయినా సరే ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని కోర్టు అంది. తనలో ఏం దిద్దుకోవాలో తెలియకపోతే మనిషి ఎలా దిద్దుకుంటాడన్నది ఆ తీర్పులో ఉన్న న్యాయం. మంచి తీర్పు. కానీ ఇప్పటికీ రిపోర్టులు పైనుంచి కిందికే నడుస్తాయి. టీచర్ గురించి హెడ్మాస్టర్ రాస్తాడు. హెడ్మాస్టర్ గురించి టీచర్ గానీ, పిల్లలు గానీ ఏమనుకుంటున్నారో రాయడానికి ఏ ఫైల్లోనూ కాగితం లేదు. నా అనుభవంలో కుర్చీ పెద్దదయ్యేకొద్దీ ఎదురుగా నిలబడి నిజం చెప్పేవాళ్ళు తగ్గిపోతారు. అదే టైములో ఆ మనిషి లోపాల వల్ల నష్టపోయేవాళ్ళు పెరుగుతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తప్పులు చెప్పడం మొదలుపెట్టండి అనగానే, ఇప్పటికే రోజూ పడుతున్నవాళ్ళ మీద ఇంకాస్త పడతారని నాకు భయం. కొత్త కోడలికి తప్పులు చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉంటారు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పుట్టింటివాళ్ళ మర్యాదల దాకా ఆవిడ రోజూ వింటూనే ఉంటుంది. వెనక బెంచీ కుర్రాడికి "నువ్వు ఎందుకూ పనికిరావు" అన్నమాట మళ్ళీ చెప్పక్కర్లేదు. అడగాల్సింది మాట చెల్లుబడి అయ్యేవాళ్ళు, అంటే ఇంటి యజమాని, అత్తగారు, హెడ్మాస్టరు, మేనేజరు, సంఘం అధ్యక్షుడు. వాళ్ళు ముందు అడగాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళ సంగతి.

లోపాలు చూసుకోవడానికీ, తనని తాను అసహ్యించుకోవడానికీ తేడా ఉంది. నేనెందుకూ పనికిరాను, నా వల్లే అందరికీ కష్టం అని రాత్రింబవళ్ళు కుమిలిపోయేవాళ్ళకి ఈ ఉత్తరం కాదు. వాళ్ళకి కావాల్సింది వైద్యసాయం. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కి, 14416 నంబరుకి ఏ టైములోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలున్న ప్రతి ఇంటి గోడ మీదా ఆ నంబరు రాసి ఉండాలి.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని మనవాళ్ళు తేల్చేశారు. ఈ సామెత చాలామందికి మంచి ఆసరా. అడిగేముందే కేసు కొట్టేస్తుంది. కానీ అది నిజం కాదు. 2017లో బ్రెంట్ రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త బృందం, మనుషుల స్వభావంలో మార్పు తెచ్చేందుకు జరిగిన ప్రయత్నాల మీద వచ్చిన 207 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. సగటున 24 వారాల చికిత్సలో స్వభావంలో కొలవగలిగినంత మార్పు కనబడింది. ఎక్కువగా మారింది చిన్నదానికే ఆందోళన పడిపోయే, కుంగిపోయే గుణం. ఇరవై నాలుగు వారాలంటే ఆరు నెలల లోపు. నలభై ఏళ్ళుగా నాది ఇంతే అనేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి చూడాలి. మరో సంగతి కూడా తేలింది. నేథన్ హడ్సన్, సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు మార్చుకోదలచిన గుణానికి తగిన చిన్న చిన్న పనులు ప్రతివారం ఎంచుకున్నారు. పని నిజంగా చేసినవాళ్ళు మారారు. ఎంచుకుని చెయ్యనివాళ్ళలో ఆ మార్పు రాలేదు. మారాలన్న కోరిక ఇద్దరిలోనూ ఉంది.

చిన్న పని అంటే ఎంత చిన్నదో చెబుతాను. నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న బడిలో ఒక లెక్కల టీచరు ఉండేవారు. పాఠం బాగా చెప్పేవారు, పిల్లలంటే ప్రాణం. ఒక ఏడు దసరా సెలవులకి ముందు ఆవిడ తొమ్మిదో తరగతి పిల్లలకి తలా ఒక చీటీ ఇచ్చి, "నేను మార్చుకోవాల్సింది ఒకటి రాయండి, పేరు వద్దు" అన్నారు. ఎవరి చేతిరాతో పోల్చకుండా ఉండేందుకు పక్క తరగతి అమ్మాయితో చదివించుకున్నారు. చాలా చీటీల్లో ఒకే సంగతి వచ్చింది. మీరు ప్రశ్న అడిగాక జవాబు తెలిసినవాళ్ళనే లేపుతారు. ఆవిడ నొచ్చుకున్నారు. తను అందరినీ సమానంగా చూస్తానని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. స్టాఫ్ రూమ్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సెలవుల తర్వాత ఆవిడ చేసింది ఇంతే. టెక్స్ట్ పుస్తకం అట్ట లోపల పిల్లల పేర్ల జాబితా అంటించుకున్నారు. ప్రశ్న అడిగిన ప్రతిసారీ, ఎవరిని లేపితే వాళ్ళ పేరు పక్కన పెన్సిల్‌తో టిక్. వారం చివర టిక్కులు లేని పేర్లు చూసుకుని సోమవారం వాళ్ళతో మొదలుపెట్టేవారు. మొదట్లో జవాబు రాని పిల్లలు బిక్కమొహం వేసుకుని నిలబడితే క్లాసు ఆగిపోయేది, సిలబస్ వెనకబడుతుందని ఆవిడ కంగారుపడేవారు. అయినా మానలేదు. సంక్రాంతి వచ్చేసరికి వెనక వరసలోంచి, "మేడం, ఇంకోసారి చెప్పండి" అని అడిగే గొంతులు నేను వరండాలోంచే విన్నాను. ఏడాది చివర ఆవిడ మళ్ళీ చీటీలు పంచారు. నేను ఇంకే టీచరులోనూ చూడని ధైర్యం అది. నాకు తెలిసినంతలో, మనిషి తన లోపాన్ని ఎదుర్కోవడం అంటే అదే. అడగడం, నొప్పి ఓర్చుకోవడం, ఒక చిన్న పని పెట్టుకోవడం, తర్వాత మళ్ళీ అదే మనుషుల్ని అడగడం. చివరిది చాలామంది వదిలేస్తారు. మారాను అని తనకి తాను సర్టిఫికెట్ ఇచ్చుకుంటే మళ్ళీ మొదటికే వస్తాం.

ఇంట్లో అయితే చీటీలు కుదరవు, చేతిరాతలు అందరికీ తెలుసు. భోజనాల దగ్గర అడిగితే ఎవరూ చెప్పరు. ఒక్కొక్కరినీ విడిగా, బయట నడుస్తూ అడిగితే చెబుతారు. "నాలో ఏమైనా లోపముందా" అని అడిగితే "అబ్బే, ఏం లేదు" అనే వస్తుంది. "నేను ఏం చేసినప్పుడు నీకు నాతో మాట్లాడాలనిపించదు?" అని అడగాలి. జవాబు వచ్చాక "అది కాదు, అప్పుడు నేనేమన్నానంటే" అని మొదలుపెడితే, ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ రోజుకి విని ఊరుకోవాలి, వివరణ అస్సలు వద్దు.

సంపాదకులకు నా విన్నపాలు రెండు. మొదటిది, మీ వ్యక్తిత్వ వికాసం పేజీలో నెలకొక్కసారైనా దీనికి చోటివ్వండి. తన లోపాన్ని ఎవరు చెబితే ఎలా తెలుసుకున్నారో, ఏం చేశారో పాఠకులనే రాయమనండి, పేర్లు లేకుండా వేయండి. రెండోది బడుల గురించి. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. అది మంచి ప్రయత్నం. అలాంటి సమావేశాల్లో తల్లిదండ్రులు తమ పిల్లల లోపాలు విని వెళతారు. ఈసారి జరిగినప్పుడు హెడ్మాస్టర్లు ముందు లేచి, "మా బడి ఏం మార్చుకోవాలి? నేనేం మార్చుకోవాలి?" అని అడిగి, చెప్పింది అక్కడే రాసుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడిన పాఠశాల కమిటీల్లో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి. రాసుకున్నదానిలో ఏం జరిగిందో మూడు నెలలకొకసారి ఆ కమిటీకి చెప్పాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. విద్యాశాఖ అధికారులు ఎవరైనా మీ పత్రికలో ఈ ఉత్తరం చదివితే, ముందు తమ జిల్లాలో ఒక్క మండలంలో చేసి చూడమని కోరుతున్నాను. కావాలంటే మా మండలంలోని బడులకు వెళ్ళి ఆ చీటీల పద్ధతి వివరించడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
భీమునిపట్నం.